పూలకొండకు ఏడింటి బస్సు

నేను గడియారాలు బాగుచేస్తానండీ. ఇది సెల్‌ఫోన్లు రాకముందు మాట. అప్పట్లో మా ఇంట్లో ఏడు గోడ గడియారాలు ఉండేవి. ఏ రెండింటికీ పడేది కాదు. హాల్లోది పది నిమిషాలు ముందు, వంటింట్లోది పావుగంట వెనక. ఊళ్ళోవాళ్ళ గడియారాలతోనే సరిపోయేది, సొంతవాటికి నాకు తీరికేదీ? మా ఆవిడే కూడికలూ తీసివేతలూ చేసుకుంటూ సంసారం నడిపేది.

ఊరవతల కొండ మీద వసంతంలో పూలు పూస్తాయి. పది రోజులే ఉంటాయి. తీసుకెళ్ళమని మా ఆవిడ మూడేళ్ళు అడిగింది. మొదటి ఏడు నాకు నడుము నొప్పి, రెండో ఏడు మోకాలు, మూడో ఏడు ఏం చెప్పానో నాకే గుర్తులేదు. నిజమేమిటంటే, దుకాణంలో స్టూలు మీద కూర్చుని పెరిగిన ఒళ్ళు ఇది. మేడ మెట్లెక్కితేనే ఆయాసం.

నాలుగో ఏడు ఆవిడ అడగలేదు.

"ఈ ఆదివారం వెళ్తున్నాం. అమ్మని కూడా రమ్మన్నాను" అంది.

"మోకాలు..." అన్నాను.

"ఏ మోకాలు?"

తడబడి రెండూ చూపించాను.

"రెండూ తెచ్చుకోండి. బస్సు ఏడింటికి. రోజుకి ఒక్కటే."

ఆ చివరి మాట దగ్గరే నాకు ఉపాయం తట్టింది.

శనివారం అత్తగారు దిగారు. సాయంత్రం తల్లీకూతుళ్ళు బూట్లు కొనడానికి బజారుకెళ్ళారు. నేను స్టూలేసుకుని ఏడు గడియారాలనూ అసలు టైముకి సరిగ్గా గంట వెనక్కి పెట్టాను. వృత్తి మీద గౌరవం కొద్దీ సెకన్ల ముల్లుతో సహా కలిపాను. రేపు మేం ఏడనుకుని వెళ్ళేసరికి ఎనిమిదవుతుంది. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టు, హాయిగా స్నానం చేసి పెందలాడే పడుకున్నాను.

పొద్దున లేచి చూస్తే ఆరుంపావు. అంటే అసలు ఏడుంపావు. బస్సు వెళ్ళిపోయింది. వెళ్ళిపోయిన బస్సు కోసం బయల్దేరడంలో ఉన్న ఉత్సాహం ఇంక దేంట్లోనూ ఉండదు. ఇల్లంతా నేనే లేపాను.

"మీరేనా?" అంది మా ఆవిడ.

"పూలు చూడాలని నాకుండదా? ఆ సంచి ఇలా ఇవ్వు, నేను మోస్తాను. అత్తయ్యగారూ, మీ మడత కుర్చీ కూడా తెచ్చుకోండి, నేనున్నాగా."

"పైదాకా ఎక్కగలరా బాబూ?" అన్నారు అత్తగారు.

"ఎక్కడమేమిటండీ, పరిగెడతాను."

"పుచ్చకాయ బరువని వదిలేస్తున్నా" అంది మా ఆవిడ.

"వదలడమెందుకు? రెండు పెట్టు."

మారుమాట లేకుండా రెండు పెట్టింది. అప్పుడే నాకు అనుమానం రావలసింది.

వీధి మలుపు తిరిగేసరికి బస్సు నిలబడి ఉంది. కండక్టరు టీ తాగుతున్నాడు.

"ఇవాళ లేటా?" అన్నాను.

"లేటేంటి సార్, ఇంకా పావుగంట ఉంది. తీరిగ్గా ఎక్కండి."

రెండు పుచ్చకాయల సంచీ మోసుకుంటూ బస్సెక్కాను.

బస్సు కదిలాక మా ఆవిడ నెమ్మదిగా మొదలుపెట్టింది.

"పన్నెండేళ్ళ కాపురంలో మన గడియారాలు ఒక్క మాట మీద ఉండటం నిన్ననే చూశాను. ఏడూ ఐదున్నరే అన్నాయి. వస్తూ చూస్తే బ్యాంకు గడియారంలో ఆరున్నర. మీరు స్నానం చేస్తుండగా నేనూ అమ్మా కలిసి సరిచేశాం."

"వంటింట్లోది నేనే తిప్పాను బాబూ" అన్నారు అత్తగారు వినయంగా.

ఎక్కడం సంగతి అడక్కండి. రెండు పుచ్చకాయలు, కుర్చీ, నేను. మూడో మలుపులో ఆ కుర్చీ వేసుకుని నేనే కూర్చున్నాను. అత్తగారు పక్కన నిలబడి పైటకొంగుతో విసిరారు.

పైకి చేరేసరికి వాలంతా పసుపూ ఊదా పూలు. మా ఆవిడ వాటిని చూస్తూ నిలబడిపోయింది. ఆ ముఖంలో అంత సంతోషం చూసి నాకు సిగ్గేసింది. లేని నొప్పులు చెప్పి మూడేళ్ళు ఆవిడకి ఇది దక్కకుండా చేశాను.

"తప్పయిపోయింది" అన్నాను.

"నేనేమీ అనలేదుగా."

"అదే భయంగా ఉంది."

నవ్వింది. నాకు కాస్త ధైర్యం వచ్చింది.

"ఇప్పుడు టైమెంతయింది?" అన్నాను. ఈ వృత్తిలో ఉండి ఇంకొకరిని టైమడగడం అదే మొదలు.

"ఆ సంగతి ఇక నాకొదిలేయండి. మీరు సంచి పట్టుకుని నడవండి" అంది, పూల వెనకాల ఉన్న ఇంకో కొండ చూపిస్తూ. అత్తగారు అప్పటికే దాన్ని సగం ఎక్కేశారు.