కత్తిరింపులో మెళకువలు

చదువు లేకుండా పని చేసుకుని బతకాల్సిన దుస్థితి ఇకమీదట ఏ చిరువ్యాపారికీ ఉండబోదని దుకాణ సముదాయం వారు ప్రకటించారు. చదువుంటే పని చెయ్యకుండా బతకొచ్చా అని ఎవరూ అడగలేదు. అడగగలిగినవాళ్ళందరూ ఆ వేళకి పనిలో ఉన్నారు.

ప్రతి దుకాణం యజమానీ ఫోనులో ఒక పొట్టి కోర్సు చదవాలి. పాసవ్వాలి. పాసైన పత్రం దుకాణంలో నలుగురికీ కనపడేలా తగిలించాలి. తగిలించని దుకాణానికి తాళం పడుతుంది. ఇందులో బలవంతం ఏమీ లేదనీ, చదువు ఎవరికి వారు ఇష్టపడి చదవాల్సిందనీ, ఇష్టపడనివారి వివరాలు పై అధికారులకు పంపుతామనీ ప్రకటన అడుగున చిన్న అక్షరాల్లో వేశారు. ఆ శ్రద్ధ మెచ్చుకోదగ్గది. భయపెట్టే మాటలు మామూలుగా పెద్ద అక్షరాల్లో వేస్తారు.

ఆ కాగితం మెట్ల పక్క గోడకి, సరిగ్గా కాలరు మాస్టారి కొట్టుకి ఎదురుగా అంటించారు.

కాలరు మాస్టారు దర్జీ. ఆయన కుట్టిన చొక్కా తొడుక్కుంటే మనిషి వంగినా కాలరు వంగదు. ఆ కాలరు చూసి, ఎవరో పెద్దమనిషి అనుకుని లేచి కుర్చీ ఇచ్చినవాళ్ళు ఉన్నారు. కొట్టు ఒకటే గది. రెండు మిషన్లు, గుడ్డ పరిచే బల్ల, కొలతలు చూసుకోవడానికి ఒక నిలువుటద్దం. కొట్టులో ఆయన కాక ఇద్దరు. భార్య కాజాలు కుడుతుంది, బొత్తాలు వేస్తుంది, అంచులు మడుస్తుంది. భార్య తమ్ముడు గుడ్డ కత్తిరిస్తాడు. అతను మాట్లాడుతున్నంతసేపూ కత్తెర ఆగుతుంది. కత్తెర ఆడుతున్నంతసేపూ నోరు ఆగదు. ఈ రెండూ ఒకేసారి ఎలా కుదురుతాయో మాస్టారికి ఇన్నేళ్ళలో అంతుపట్టలేదు. ఇక టీ తాగొస్తానని వెళ్ళాడంటే ఆకు కోసి, ఎండబెట్టి, కాచుకుని తాగి వచ్చేవాడు. బావమరిది కాబట్టి మాస్టారు ఏమీ అనలేదు. అనలేదంటే అనుకోలేదని కాదు.

కోర్సుల పట్టీ చాంతాడంత ఉంది. ఏది చదవాలో ఎవరికీ పాలుపోలేదు. ఎవరికి తెలిసిన మాట ఏ పేరులో కనబడితే వాళ్ళు దాన్ని పట్టుకున్నారు. ఇంతకన్నా న్యాయమైన పద్ధతి పెద్ద చదువుల్లో కూడా లేదు.

ఇస్త్రీ చేసే ఆయన 'ఒత్తిడిని జయించడం' తీసుకున్నాడు. ఒత్తిడి మనిషికి చేటు, దాన్ని వెంటనే ఆపెయ్యమని ఆ కోర్సులో చెప్పారు. ఆయన ఇస్త్రీపెట్టె చల్లారబెట్టేశాడు. వీధి వీధంతా ముడతలు పడింది కానీ ఆయన మొహం మీద మాత్రం ఒక్క ముడత లేదు. ప్రథమ శ్రేణిలో పాసయ్యాడు.

గడియారాలు బాగుచేసే ఆయన 'సమయపాలన'లో చేరాడు. చిరువ్యాపారి పైకి రావాలి, పైకి రావడానికి జంకకూడదు అని అందులో గట్టిగా చెప్పారు. ఆయన తన గాజుపెట్టె నెత్తిన పెట్టుకుని పై అంతస్తుకి వెళ్ళిపోయాడు. మోకాళ్ళ నొప్పులున్న పెద్దవాళ్ళే ఆయనకి గిరాకీ. వాళ్ళు మెట్ల కింద నిలబడి, టైమెంతయిందయ్యా అని అరిచి, ఆయన చెప్పిన జవాబు విని వెళ్ళిపోతున్నారు. పైకి వచ్చినవాడిగా ఆయన ఫొటో సముదాయం గేటు దగ్గర పెట్టారు.

కాలరు మాస్టారు 'కత్తిరింపులో మెళకువలు' అన్న పేరు చూశారు. ఇక వెతకలేదు.

"నువ్వు చదవడమేంటి బావా, కత్తిరించేది నేనైతే?" అన్నాడు బావమరిది.

"నీకు చెప్పాలంటే ముందు నేను చదవాలిగా."

"నాకు నువ్వు చెప్పడం అయ్యేపని కాదులే. ఫోనుకి చెప్పు, అదైనా వింటుంది."

"ఇద్దరూ నోరు మూసుకుని దాన్ని నొక్కండి" అంది భార్య, పళ్ళతో దారం తెంపుతూ.

పాఠం మొదలైంది. ఫోనులో ఒక గురువు నిలబడ్డాడు. ఉత్సాహంగా ఉన్నాడు. అతని చొక్కా కాలరు ఎడమ కొన పైకి లేచి, వాన తగిలిన అట్టముక్కలా చుట్టుకుని ఉంది. మాస్టారి కన్ను అక్కడే ఆగిపోయింది. మనసు చివుక్కుమంది. అయినా గురువు గురువే.

"కత్తిరించడం బాధగా ఉంటుంది. కానీ ఎదగాలంటే కత్తిరించక తప్పదు" అన్నాడు గురువు. మాస్టారు తలూపారు. గుడ్డ కొయ్యకుండా చొక్కా ఎలా వస్తుంది. "ముందు కొలవండి. మిగులు ఎక్కడుందో గుర్తించండి." అదీ నిజమే. "మిగులును జాలి లేకుండా తీసెయ్యండి." మిగులు ముక్కలతో ఆయన దిండుగలీబులు కుట్టేవారు, అయినా చదువుకున్నవాళ్ళకి తెలియకపోతుందా అని సరిపెట్టుకున్నారు. "తీసేసిన వెంటనే, ఇంతకాలం మీ సేవలకు ధన్యవాదాలు అని నవ్వుతూ చెప్పి పంపండి."

గుడ్డముక్కకి ధన్యవాదాలు చెప్పడం మాస్టారు ఎప్పుడూ చేసి ఎరగరు. అప్పుడు వెలిగింది. ఇది గుడ్డ కత్తిరించే పాఠం కాదు. మనుషుల్ని కత్తిరించేది.

వేరే కోర్సుకి మారడానికి నిబంధనలు ఒప్పుకోవు. ఒప్పుకున్నా ఆయన మారేవారు కాదు. చదువంటే ఆయనకి అప్పటికప్పుడు ఎక్కడలేని గౌరవం పుట్టుకొచ్చింది. మెల్లగా తల తిప్పి, బల్ల మీద మోచెయ్యి ఆనించి ఎవరితోనో లోకాభిరామాయణం మాట్లాడుతున్న బావమరిది వైపు చూశారు. చొక్కా పొడుగు చూసినట్టు పైనుంచి కిందిదాకా చూశారు.

"మీరు నేర్చుకోవడం లేదు" అంది ఫోను. పాఠం మళ్ళీ మొదటికి వెళ్ళిపోయింది.

ఈ కోర్సులో ఉన్న గొప్పతనమే అది. చదివేవాడి కళ్ళని ఫోను కనిపెట్టుకుని ఉంటుంది. కళ్ళు పక్కకి తిరిగాయా, పాఠం మొదటికి వస్తుంది. విద్యార్థి దృష్టి మళ్ళకుండా ఇంత గట్టి ఏర్పాటు ఏ బడిలోనూ లేదు. దృష్టి మళ్ళించకుండా మిషను కుట్టడం మాత్రం సాధ్యం కాదు. సూది కంట్లో దారం ఎక్కించాలంటే చూపు అక్కర్లేదని ఇంతవరకూ ఏ కోర్సూ చెప్పలేదు. కాబట్టి మాస్టారు మిషను మీద గుడ్డ కప్పి, దాని మీద ఫోను నిలబెట్టి, ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చున్నారు. పొద్దున కొట్టు తీసి కూర్చుంటే, కొట్టు కట్టేసేటప్పుడు లేచేవారు. కొట్టు కోసమే కదా ఈ తపస్సంతా.

ఒకరోజు లాయరు గారు తన నల్లకోటు కోసం వచ్చారు. ఆయనది పాత బేరం. ఆ కోటు వెనకాల రెండుసార్లు గుడ్డ కలిపి, ఆయన పొట్టతోపాటు పెంచుకుంటూ వచ్చింది మాస్టారే.

"ఏం మాస్టారూ, కోటు అయిందా?"

ఆ సమయంలో ఫోనులో 'దుకాణానికి వచ్చినవారిని ఆదరించడం ఎలా' అనే పాఠం జరుగుతోంది. వచ్చినవారి కళ్ళలోకి చూసి నవ్వాలని గురువు చెబుతున్నాడు. మాస్టారు గురువు కళ్ళలోకి చూసి నవ్వారు. లాయరు గారికి మాత్రం చూపుడువేలు ఎత్తి, బావమరిది ఉన్న దిక్కు చూపించారు.

"ఏమయ్యా, మీ బావకి మెడ పట్టేసిందా?"

"చదువు పట్టిందండీ" అన్నాడు బావమరిది. "ఇటు రండి. కోటు ఇంకా పూర్తవలేదు. కాసేపు కూర్చుంటే నేనే కుట్టి ఇచ్చేస్తాను."

"నీకు కుట్టు కూడా వచ్చా?"

"ఇప్పుడు తెలుస్తుందిగా."

వచ్చినంతవరకు కుట్టాడు. కోటు ఒక భుజం కాస్త ఎత్తుగా వచ్చింది. దాన్ని తొడుక్కుని లాయరు గారు కోర్టుకి వెళ్తే, ఏదో గట్టి పాయింటు పట్టుకొచ్చాడని అవతలి లాయరు భయపడ్డాడట. మర్నాటినుంచి లాయర్లు బావమరిది కోసం రావడం మొదలుపెట్టారు. టీ తాగడానికి బయటికి వెళ్ళే తీరిక అతనికి లేకపోయింది. టీయే అతని దగ్గరికి వచ్చేది.

మాస్టారు ఇవేమీ చూడలేదు. చూస్తే పాఠం మొదటికి వస్తుంది.

"మానవ వనరులంటే ఎవరే?" అని ఒక మధ్యాహ్నం చూపు తిప్పకుండా భార్యని అడిగారు.

"కొట్టులో ఉన్నవాళ్ళేనేమో."

"అయితే మనమేనా?"

"నేనూ, మా తమ్ముడూ. మీ సంగతి మీ ఫోన్నే అడగండి."

ఆవిడ మాటల్లో కాస్త కారం తగిలింది. మాస్టారు పట్టించుకోలేదు. ఆయన చివరి అధ్యాయానికి వచ్చేశారు. అందులో విద్యార్థి తన దుకాణంలో మిగులు మనిషి ఎవరో తేల్చి, అతన్ని తీసెయ్యాలి. తీసేస్తేనే పత్రం. పత్రం ఉంటేనే కొట్టు. ఆ మనిషి ఎవరో మాస్టారికి మొదటిరోజే తెలుసు. అయితే మన అభిప్రాయం పనికిరాదని, ఇంతకాలం కొట్టుని గమనిస్తూ వచ్చిన ఫోనే నిష్పక్షపాతంగా తీర్పు చెబుతుందని గురువు అన్నాడు. అదీ మంచిదే అనుకున్నారు మాస్టారు. తానే తీసేస్తే భార్య జన్మలో మాట్లాడదు. ఫోను తీసేస్తే ఆవిడ ఎవరితో తగువు పెట్టుకుంటుంది? ఆ మాట ఎలా చెప్పాలో కూడా లోలోపల అనుకుని పెట్టుకున్నారు. "ఇంతకాలం నీ సేవలకు ధన్యవాదాలు రా" అని నవ్వుతూ చెబుదామనుకున్నారు. 'రా' ఉంచాలా తియ్యాలా అన్నది ఒక్కటే తేలలేదు.

తీర్పు వచ్చింది. భార్యనీ బావమరిదినీ దగ్గరికి పిలిచి, ఫోను గొంతు పెంచారు.

"అభినందనలు" అంది ఫోను. "మీ సంస్థను పూర్తిగా పరిశీలించాము. మీ సంస్థలో ఒక ఆడమనిషి చేతులు ఆగకుండా పనిచేస్తున్నారు. ఒక యువకుడు కత్తిరించడం, కుట్టడం, వచ్చినవారితో మాట్లాడడం, మూడూ చేస్తున్నారు. ఒక పెద్దాయన మాత్రం పొద్దుటినుంచి సాయంత్రం దాకా కుర్చీలోంచి లేవకుండా ఫోను చూస్తున్నారు. పలకరించినా పలకడం లేదు. ఈ మనిషిని వెంటనే తొలగించవలసిందిగా సిఫారసు చేస్తున్నాము. యజమానిగా మీ అంగీకారం తెలపండి."

కొట్టులో మిషను ఆగింది. బావమరిది నోరు కూడా ఆగింది. ఆ కొట్టు పెట్టాక ఆ రెండూ కలిసి ఆగడం అదే మొదటిసారి.

"ఇదేదో తేడాగా ఉందే" అన్నారు మాస్టారు. "ఏం చేద్దాం?"

భార్య కాజా కుడుతున్న చొక్కా ఒళ్ళో పెట్టుకుని, ఎదురుగా గోడ మీది ప్రకటన చూసింది. తాళం అన్న మాట దగ్గర ఆవిడ చూపు ఆగింది.

"నొక్కండి. కొట్టు నిలబడాలిగా."

"మరి నేను?"

"మీరు నిలబడింది ఎప్పుడు లెండి. కూర్చునే ఉన్నారుగా."

"అక్కా, ఊరుకో" అన్నాడు బావమరిది. "బావా, అది చెప్పిందని మేం నిన్ను పొమ్మంటామా? నువ్వు నొక్కేసి ఇలాగే కూర్చో. మాకేం అడ్డం లేదు."

వాళ్ళు ఒప్పుకున్నా ఫోను ఒప్పుకోదు. తీసేసిన మనిషి మళ్ళీ కొట్టులో కనబడితే పత్రం రద్దవుతుందని నిబంధన. మాస్టారు యజమాని హోదాలో చాలాసేపు ఆలోచించారు. అంగీకారం నొక్కారు. "ఇంతకాలం మీ సేవలకు ధన్యవాదాలు" అంది ఫోను. గురువు చెప్పినట్టే, నవ్వుతున్న గొంతుతో.

పత్రాలు పంచే సభ సముదాయం ఆవరణలో ఘనంగా జరిగింది. జనం వస్తారో రారో అనుకున్నారు కానీ, పనుల్లేక చాలామంది వచ్చారు. అధికారి చాలాసేపు మాట్లాడారు. "నిన్నటిదాకా మీరు చేతిపనివాళ్ళు. నేడు మీ చేతుల్లో పని లేదు, పత్రం ఉంది. చిరువ్యాపారి అనే మాట నాకు నచ్చదు. ఈ సముదాయంలో ఇక చిరువ్యాపారి ఉండకూడదన్నది మా సంకల్పం. అది చాలావరకు నెరవేరింది" అన్నారు. చప్పట్లు మోగాయి. ఇస్త్రీ ఆయన ముడతల చొక్కాలో ప్రశాంతంగా చప్పట్లు కొట్టాడు. గడియారాల ఆయన పై అంతస్తులోంచి కొట్టాడు.

పత్రానికి కొట్టులో చోటు కోసం చూస్తే, నలుగురికీ కనపడే చోట నిలువుటద్దం ఉంది. అద్దం తీసి పత్రం పెట్టారు. ఇప్పుడు కొత్త చొక్కా తొడుక్కున్నవాళ్ళు ఆ పత్రం ముందు నిలబడి, అటూ ఇటూ తిరిగి, బాగానే ఉందని వెళ్ళిపోతున్నారు. చొక్కా ఎలా కుదిరిందో కనపడకపోవడంతో ఫిర్యాదులు పూర్తిగా తగ్గాయి.

మాస్టారు కొన్నాళ్ళు కొట్టుకి ఎదురుగా, కొట్టులోనే ఉంచిన ఫోను కంటపడని చోట మెట్ల మీద కూర్చున్నారు. భార్య క్యారియరు అక్కడికే తెచ్చి ఇచ్చేది. తర్వాత కోర్సులు నడిపేవాళ్ళ దగ్గర్నుంచి ఆయనకి కబురొచ్చింది. చదువు బాగా సాగడంతో ఊరూరా కోర్సులు పెరిగాయని, గురువులు చాలడం లేదని, కత్తిరింపు సంగతి స్వయంగా తెలిసిన అనుభవజ్ఞులు కావాలని అన్నారు. ముందరి గురువుని ఏం చేశారో చెప్పలేదు. మాస్టారు అడగలేదు.

ఇప్పుడు ఫోనులో పాఠం చెబుతున్నది ఆయనే. కాగితం మీద రాసిచ్చింది తడుముకోకుండా చెబుతారు. "కత్తిరించడం బాధగా ఉంటుంది" అన్నచోట ఆయన గొంతు కాస్త వణుకుతుంది. అది చాలా సహజంగా వచ్చిందని పైవాళ్ళు మెచ్చుకుని ఉంచేశారు. తొడుక్కున్నది కొత్త చొక్కా. బావమరిది అభిమానంతో కుట్టి పంపాడు. కాలరు ఎడమ కొన పైకి లేచి, వాన తగిలిన అట్టముక్కలా చుట్టుకుని ఉంటుంది.

ఎక్కడో ఇంకో వీధిలో ఇంకో దర్జీ, మిషను మీద గుడ్డ కప్పి, దాని మీద ఫోను నిలబెట్టి, ఆ కొనవైపు చూసి మనసు చివుక్కుమని, అయినా కళ్ళు తిప్పకుండా కూర్చుని ఉన్నాడు.

ఇంతవరకూ తలెత్తకుండా చదివారు కాబట్టి తమరూ పాసైనట్టే. అభినందనలు. ఇక ఒక్కసారి తలెత్తి, ఇంతసేపూ తమరి పని ఎవరు చేస్తున్నారో చూసుకోండి.