చప్పుడు చేయని పికప్పు

మా పికప్పు బండి పురానాపూల్ మలుపు తిరిగిందంటే మా ఇంట్లో ముగ్గురికి తెలిసిపోతుంది. మా ఆవిడ అమలకు, మా అమ్మ కొమురమ్మకు, కలెక్టరమ్మకు.

కలెక్టరమ్మ మా బర్రె. కొట్టంలో ఉన్న పన్నెండింటిలో పెద్దది. ఆవిడ లేస్తే మిగతా పదకొండూ లేస్తాయి. ఆవిడ అలిగితే మిగతా పదకొండూ కారణం కూడా అడక్కుండా అలుగుతాయి. పేరు అందుకే పెట్టాం.

మధ్యాహ్నం మూడు దాటాక నేను పచ్చగడ్డీ, తవుడు బస్తాలూ వేసుకుని ఇంటికొస్తాను. బండి వయసు పద్నాలుగేళ్లు. వెనక రేకు తలుపు ఒక పాట, సైలెన్సర్ ఒక పాట, డ్రైవర్ తలుపు ఇంకో పాట. ఒకసారి ఎదురొచ్చిన పెళ్లి బ్యాండువాళ్లు పక్కకు జరిగి దారిచ్చారు, తమకంటే సీనియర్లనుకుని.

ఆ చప్పుడు వినగానే కలెక్టరమ్మ చెవులు నిక్కించి వీధివైపు చూసేది. నా మీద అభిమానం కొద్దీ అనుకునేవాణ్ణి. ఈ కథలో నేను చేసిన మొదటి తప్పు అదే.

ఇక అసలు సంగతి. మలుపుకూ మా గల్లీకీ మధ్యలో ఒక చాయ్ హోటలుంది. దాని వెనక గదిలో క్యారమ్ బోర్డుంది. బోర్డు దగ్గర ఆర్టీసీలో రిటైరైన ఎల్లప్పన్న ఉంటాడు. రోజూ ఆ మూడూ కలిసి నన్ను ఆపేసేవి.

ఇంటికి రాగానే విచారణ.

"మలుపు కాడ బండి సప్పుడు మూడుంబావుకు ఇనవడ్డది. నువ్వొచ్చేసరికి నాలుగైతుంది. నడుమ యాడికి పోయినవ్?"

"ట్రాఫిక్ అమలా."

"మన గల్లీల ట్రాఫికా? ఎవరిది, పక్కింటి సుగుణమ్మ మేకలదా?"

"అవి గూడ ఉన్నయ్."

"నలభై అయిదు నిమిషాల మేకలు. ఎన్ని కొన్నదట?"

ఇలా పద్నాలుగేళ్లు. భర్త ఎక్కడున్నాడో చెప్పే యంత్రాలు ఇప్పుడు ఫోన్లలో వచ్చాయంటారు. మా ఇంట్లో అది నాలుగు చక్రాల మీద ముందే ఉంది. డీజిలు కూడా నేనే పోయించాలి.

మేకలు ఎన్నని అడిగిన రోజే నిర్ణయించుకున్నాను. బండి నోరు మూయించాలి.

రాత్రి భోజనం దగ్గర విషయం ఎత్తాను. క్యారమ్ ఊసు లేకుండా.

"అమలా, బండిని జర మంచిగ చేద్దామనుకుంటున్న. కుదుపులకు పాల క్యాన్లన్ని సొట్టలు పోతున్నయ్. మైలేజీ గూడ వస్తలేదు."

"మెకానిక్‌కు ఇయ్యి."

"మెకానిక్ పాతిక వేలంటడు. నేనే చేస్త. అయిదు వేలల్ల అయిపోతది. ఫోన్ల వీడియోలు చూసిన."

అమల చేతిలో ముద్ద ఆగిపోయింది. "పోయినేడు గిట్లనే వీడియోలు చూసి ఫ్యాన్ బాగు చేసినవ్. ఇప్పటికీ అది గాలి పైకే కొడుతుంది."

"స్లాబు సల్లగుంటుంది గదా."

"స్లాబు కింద మనముంటున్నం."

చివరికి ఒప్పందం కుదిరింది. అమలకు నాకంటే ముందే లైసెన్సుంది. వాళ్ల నాన్నది బేగంబజార్‌లో గిన్నెల దుకాణం. పెళ్లికి ముందు ఆమే వాళ్ల ట్రాలీ ఆటో నడిపేది. ఇక్కడికొచ్చాక స్టీరింగు నా చేతిలోంచి కదల్లేదు. కదిలితే క్యారమ్ పోతుంది.

"ఆదివారం దాంక టైము," అంది అమల. "ఆ తర్వాత నువ్వు చేసిన మరమ్మతు ఇంటి పనికి గానీ, బర్ల పనికి గానీ అడ్డమొచ్చిందనుకో, తాళంచెవి నాకు. ఇగ బండి నేనే తోల్త."

"రాకపోతే?"

"రాకపోతే యాడికి పోయినవ్ అని నేనెప్పుడూ అడుగ."

నా జీవితంలో ఇంతకంటే మంచి బేరం ఎవరూ ఇవ్వలేదు. మజ్జిగ కూడా తాగకుండా లేచాను, ఆమె మనసు మారకముందే.

గురువారం జుమ్మెరాత్ బజార్‌కు వెళ్లాను. అక్కడ నేలమీద పరిచిన పాత సామానులో విమానం తప్ప అన్నీ దొరుకుతాయి. ఒకాయన సైలెన్సర్ చేతికిచ్చి, చెవి దగ్గరికొచ్చి అన్నాడు: "లగాలో భాయ్. బీవీ కో భీ పతా నై చల్తా."

పెళ్లానికి కూడా తెలియదట. ఇక బేరమాడలేదు. రెండు వేలు ఇచ్చేశాను. వెనక బిగించడానికి ఒక బిగువైన తలుపు, కుదుపులు ఆపే కమాన్ కట్టల కింద పెట్టే రబ్బర్లు కూడా తీసుకున్నాను. డబ్బయిపోయింది. చప్పుళ్లు ఇంకా సగం మిగిలాయి.

మిగతా సామాను ఇంట్లోంచే సర్దుకున్నాను. వీడియోలో కూడా అదే చెప్పారు, చుట్టుపక్కల ఉన్నవి వాడుకోమని.

శుక్రవారం పొద్దున వంటింట్లోంచి కేక.

"కుక్కర్ రబ్బరేది?"

బండి కింద పడుకుని ఉన్న నేను, అక్కణ్ణుంచే జవాబిచ్చాను. "డ్రైవర్ తలుపు అద్దానికి సరిగ్గ సరిపోయింది అమలా. కొలిచి చేసినట్టు."

"అయితే పప్పు ఆ తలుపులనే ఉడకబెట్టుకో."

శనివారం ఇంజను మీద కప్పడానికి ఏదైనా మందపాటిది కావాలనిపించింది. దండెం మీద అమ్మ బొంత ఆరుతోంది. మడతపెట్టి బానెట్ లోపల తాళ్లతో కట్టాను. ఇంజను స్టార్ట్ చేసి పది నిమిషాలు వదిలేస్తే, వాకిట్లో కూర్చున్న అమ్మ తలెత్తి గాలి పీల్చింది.

"గోవర్ధనూ, నా బొంత వాసనొస్తుందిరా."

"బొంతకు వాసనేందమ్మా."

"ముప్పై ఏండ్లు కప్పుకున్న. నాకు తెల్వదా."

బానెట్ ఎత్తాను. పొగ పక్కింటి దాకా వెళ్లింది. బొంతలో సగం దక్కింది. ఆ సగాన్నే అమ్మ ఒళ్లో పెట్టుకుని రెండు రోజులు నాతో మాట్లాడలేదు. ఇంజను కప్పడానికి గుమ్మం ముందున్న కాళ్లు తుడుచుకునే పట్టా తీసుకున్నాను. అది కాలలేదు, ఎందుకంటే అది ఎన్నడూ పూర్తిగా ఆరలేదు.

ఆదివారం పొద్దుగూకే వేళకు అంతా బిగించాను. పాత తలుపూ, పాత సైలెన్సరూ గల్లీలో తిరిగే పాత ఇనుము డానియేలు తోపుడు బండిలో వేసి పంపేశాను. తర్వాత తాళం తిప్పాను.

బండి స్టార్టయిందా లేదా అని నాకే అనుమానమొచ్చింది. చెయ్యి పెట్టి చూస్తే ఇంజను వణుకుతోంది. దొంగతనానికి పుట్టిన బండిలా ఉంది.

సోమవారం మధ్యాహ్నం హోటల్ దగ్గర ఆపితే ఎల్లప్పన్న ఉలిక్కిపడ్డాడు. "నువ్వొచ్చినట్టే తెల్వలే తమ్మీ. గిట్ల రాకు, పానం పోతది."

రోజూ ఆడే మూడు బోర్డులకు బదులు ఐదు ఆడాను. రాణిని రెండుసార్లు వేశాను. ఇంటికొచ్చేసరికి అమల బట్టలు మడతపెడుతోంది. పక్కన నిలబడి దగ్గాను.

ఆమె అదిరిపడింది. "ఎప్పుడొచ్చినవ్?"

"ఇప్పుడే. సీదా ఇంటికే."

అమల నన్ను చూసింది. గడియారం చూసింది. నోరు తెరిచి, ఒప్పందం గుర్తొచ్చి, మూసుకుంది. ఆ క్షణంలో నాకు కలిగిన ఆనందం ఆ తర్వాత మళ్లీ కలగలేదు.

పది నిమిషాలకు కొట్టంలోంచి పిలుపొచ్చింది.

"ఇటు రా జర. కలెక్టరమ్మ చేపుతలేదు."

పాలు పొదుగులోకి దిగితేనే పిండగలం. బర్రె చేపకపోతే ఎంత పిండినా చేతుల నొప్పే మిగులుతుంది. కలెక్టరమ్మ గోడవైపు తిరిగి, ఏదో ఫైలు గురించి ఆలోచిస్తున్నట్టు నిలబడింది. మిగతా పదకొండూ అలాగే నిలబడ్డాయి. తవుడు పెట్టాం, తిన్నాయి. గడ్డి వేశాం, అదీ తిన్నాయి. పాల సంగతి మాత్రం ఎత్తలేదు.

రోజూ నలభై లీటర్లిచ్చే పూట పన్నెండు లీటర్లు వచ్చాయి.

"దిష్టి," అంది అమ్మ, రెండు రోజుల తర్వాత మొదటిసారి నోరు విప్పి. మంగళవారం కొట్టంలో ఎండు మిరపకాయలు కాల్చింది. బర్లు దగ్గాయి, మేమూ దగ్గాం. పాలు పదకొండు లీటర్లు.

బుధవారం మేం కొట్టంలో ఉండగా జగదీశ్వర్ సేట్ ఫోన్. మా మధ్యాహ్నం పాలన్నీ బేగంబజార్‌లో ఆయన మిఠాయి దుకాణానికే. పదేళ్ల ఖాతా.

"గోవర్ధన్ భాయ్, కోవా దేనితో చెయ్యాలె? నీ ఫోన్ మాటలతోనా? శుక్రవారం పెండ్లి ఆర్డరుంది. రేపటికి నలభై లీటర్లు రాకుంటే నేను వేరే కాడ చూసుకుంట."

ఫోన్ స్పీకర్లో ఉంది. అమల వింది. నా జేబులోని తాళంచెవి వైపు ఒకసారి చూసింది.

"ఇది బండి వల్ల గాదు," అన్నాను. "వాతావరణం."

"నేనేమన్నన?"

సరిగ్గా అప్పుడు గల్లీలో డానియేలు తోపుడు బండి గతుకులో పడింది. అందులో అమ్ముడుపోని నా పాత రేకు తలుపు లేచి పడి, ధనధన మోగింది.

కలెక్టరమ్మ చెవులు నిక్కాయి. తల వీధివైపు తిరిగింది. నేను చూస్తుండగానే పొదుగు కింద నేల మీద పాల చుక్కలు పడ్డాయి. ఒకటి. రెండు. తర్వాత ధార.

పద్నాలుగేళ్ల అభిమానం. నా మీద కాదు, తలుపు మీద.

అమల బకెట్ పట్టుకుని పరిగెత్తేలోపు డానియేలు గల్లీ దాటేశాడు. ధార ఆగిపోయింది. అమల నావైపు చూసింది. నేను పైకప్పు వైపు చూశాను. ఆమెకు అర్థం కాలేదనుకున్నాను. నా రెండో తప్పు.

గురువారం పొద్దునే డానియేలును పట్టుకున్నాను.

"ఆ తలుపు నాకియ్యి భాయ్."

"పోయింది అన్నా. నిన్న సాయంత్రమే ఎవలో కొన్నరు. సైలెన్సర్ గూడ పట్కపోయిండ్రు."

"ఎవరు?"

"చెప్పొద్దన్నరు."

నా బండి చప్పుడు కోసం పురానాపూల్‌లో పోటీ ఉందని నాకెలా తెలుస్తుంది?

ఇక స్వయం కృషే దారి. మధ్యాహ్నం వచ్చేటప్పుడు పికప్పు వెనక ఆరు స్టీలు గ్లాసులు, ఒక గొలుసు వేలాడదీశాను. గల్లీ పిల్లలు పెళ్లి బండి అనుకుని పూలు వేశారు. కలెక్టరమ్మ అయితే చెవి కూడా కదపలేదు. స్టీలు ఆవిడ స్థాయి కాదు.

గడియారం మూడున్నర. నాలుగున్నరకు సేట్ మనిషి క్యాన్ల కోసం వస్తాడు.

నూనె డబ్బా తీసుకుని కొట్టంలోకి వెళ్లాను. కర్రతో డబ్బా కొడుతూ, గొంతులోంచి సైలెన్సర్ శబ్దం తీస్తూ, కలెక్టరమ్మ ముందు అటూ ఇటూ నడిచాను. డబడబ, ధనధన, బుర్రుబుర్రు. మలుపు దగ్గర గేరు మార్చే చప్పుడు కూడా చేశాను. అది బాగా వచ్చిందని ఇప్పటికీ అనుకుంటాను.

సుగుణమ్మ గోడ మీద నుంచి తొంగి చూసింది. ఆమె మేకలు కూడా చూశాయి. "కొమురవ్వా, మీ వోనికి ఎప్పటి సంది గిట్లున్నది?"

"బొంత కాలవెట్టిన కాడి నుంచి," అంది అమ్మ.

కలెక్టరమ్మ నన్ను తల నుంచి కాళ్ల దాకా చూసి, నెమరు వేయడం మొదలుపెట్టింది.

అప్పుడు నా వెనక వినిపించింది. అదే రేకు. అదే వదులు బోల్టు. అదే పద్నాలుగేళ్ల సంగీతం.

తిరిగి చూస్తే గుమ్మంలో అమల. గోడకు ఆనించిన నా పాత తలుపును రెండు చేతులతో ఊపుతోంది. చీర కొంగు నడుముకు దోపుకుంది. ముఖంలో ఏ భావమూ లేదు.

పన్నెండు తలలు ఒకేసారి లేచాయి. పన్నెండు పొదుగులు చేపాయి.

"ఊరికె చూస్తవేంది? బకెట్లు వట్టు," అంది.

అరగంటలో నలభై మూడు లీటర్లు. సేట్ మనిషి క్యాన్లు తీసుకెళ్లాక, అమల చేయి చాచింది. నేను తాళంచెవి పెట్టాను.

"నీకు ఎప్పుడు తెలిసింది?"

"సోమవారమే అనుమానమొచ్చింది. బుధవారం తేలిపోయింది."

"మరి ఇయ్యాల్టి దాంక ఎందుకు ఊకున్నవ్?"

"సోమవారం అయిదు బోర్డులాడినవ్ గదా. అందుకు."

నేను తవుడు బస్తా మీద కూర్చున్నాను. "క్యారమ్ సంగతి నీకెట్ల తెలుసు?"

"బండి సప్పుడు ఇనవడ్డోళ్లకు బండి ఆగింది గూడ ఇనవడ్తది. హోటల్ కాడ ఆగుడు, మూడు బోర్డులు, మల్ల స్టార్టయితది. నేను ఆ లెక్కనే పొయ్యి ముట్టిస్తుంటి. సోమవారం గడియారం చూస్తే అయిదు లెక్క తేలింది."

"మరి రోజూ యాడికి పోయినవని ఎందుకు అడుగుతుంటివి?"

"అడుగుడు నా పని. మేకలని చెప్పుడు నీ పని. మంచిగనే నడుస్తుండె. నువ్వే చెడగొట్టుకున్నవ్."

పాత తలుపూ, పాత సైలెన్సరూ మళ్లీ బండికెక్కాయి. బిగించింది అమలే, బోల్టు కావలసినంత వదులుగా. కుక్కర్ రబ్బరు కుక్కర్‌కు వెళ్లింది. అమ్మకు కొత్త బొంత నేనే కుడుతున్నాను. వీడియో చూసి.

ఇప్పుడు మధ్యాహ్నాలు గడ్డికి అమల వెళ్తుంది. నేను కొట్టంలో పేడ ఎత్తి, నీళ్లు పెట్టి, కలెక్టరమ్మ పక్కన కూర్చుంటాను. నిన్న మూడుంబావుకు మలుపు దగ్గర చప్పుడు వినిపించింది. ఇద్దరం చెవులు నిక్కించాం.

చప్పుడు హోటల్ దాకా వచ్చింది. ఆగిపోయింది.

మూడున్నర. మూడూ నలభై. కలెక్టరమ్మ నావైపు చూసింది. నేను ఆవిడవైపు చూశాను. నాలుగింటికి బండి మళ్లీ మోగుతూ వచ్చింది.

"యాడికి పోయినవ్?" అన్నాను.

అమల గడ్డి మోపు దించి, నా చేతికి ఇచ్చింది. ఆమె వేళ్లకు క్యారమ్ పౌడరు తెల్లగా అంటి ఉంది.

"మేకలు," అంది.