గూట్లో చిక్కిన నక్క

కురుగోడులో కాలువ పక్కనున్న తన ఇంట్లో వెంకటరామి ఆ ఉదయం పెట్టుకున్న పనులు మూడే. కోళ్లను గూట్లోంచి వదలాలి. కాఫీ తాగాలి. చెల్లెల్ని చూడడానికి కెంచనగుడ్డకు బయల్దేరిన భార్య సుభద్రమ్మ సాయంత్రం తిరిగొచ్చేదాకా, గూట్లో ఓ మూల గంపలో పొదుగుతున్న నల్లపెట్టను కనిపెట్టుకుని ఉండాలి. పోయిన నెలలో నక్క వచ్చి నాలుగు కోళ్లను ఎత్తుకుపోయింది. అప్పటి నుంచి ఆ నల్లపెట్ట అంటే సుభద్రమ్మకు ప్రాణం.

"ఈ పొద్దో రేపో పిల్లలు లేస్తాయి. పెట్టకేమన్నా అయితే నేను చెల్లెలింట్లోనే ఉండిపోతా, చెప్తాండా!" అని ఆమె బస్సెక్కింది.

"నేనుండాను గదా," అన్నాడు వెంకటరామి. ముప్పై ఏళ్లు ఇనుప ఖనిజం లారీలు తిప్పిన మనిషికి ఒక కోడిని కాయడం ఏపాటి పని? అసలు గూటికి పాత లారీ వెనక తలుపునే బిగించిన ఘనుడాయన.

కోళ్లను వదిలి, తలుపు బార్లా తెరిచిపెట్టి, కాఫీ గ్లాసుతో తిరిగొచ్చేసరికి గూట్లోకి ఒక గుబురు తోక దూరిపోవడం కంటపడింది. గ్లాసు విసిరేసి ఉరికాడు. తలుపు ధడాలున మూసి గొళ్లెం పెట్టాడు. నక్క చిక్కింది! గర్వంగా మీసం మీదికి పోయిన చెయ్యి, పెట్ట కూడా లోపలే ఉందని గుర్తుకు రాగానే అక్కడే ఆగిపోయింది.

తలుపు తీస్తే నక్క పెట్టను కరుచుకుని పారిపోతుంది. తీయకపోతే తీరిగ్గా కూర్చుని తింటుంది. ఆయన కేక విని పక్కింటి శరణప్ప కట్టె పట్టుకుని గోడ దూకాడు. గూటి పక్కగోడకున్న ఇనుప జాలీలోంచి తొంగిచూసి, కట్టె కింద పెట్టి, రెండు చేతులూ జోడించాడు.

"పొద్దున్నే నరి ముఖం! మా మేఘనను చూసేదానికి ఈ పొద్దే మొగపిల్లోనివాళ్లు వస్తాండారు. మా ఇంటామెను పిల్చుకొస్తా, తలుపు తీయాకప్పా!"

పొద్దున్నే నక్క ముఖం చూస్తే తలపెట్టిన పని అయితీరుతుందని ఆ చుట్టుపక్కల గట్టి నమ్మకం.

"లోపల పెట్ట ఉండాదప్పా!"

"ఒక్క నిమిషం!"

ఆ నిమిషంలో శరణప్ప భార్య వచ్చింది, ఆమె వెనక వీధి వచ్చింది. సిద్దేశ్ అనే ఆయన కొత్త ట్రాక్టరుతో సహా దిగి, దాని ముందు దీపాలు జాలీకి ఎదురుగా ఉండేలా నిలబెట్టాడు. "బండికీ చూపించల్ల గదప్పా," అన్నాడు. వెనక ఎవరో కొబ్బరికాయ కొట్టారు. లారీ తలుపుకు కుంకుమ బొట్టు కూడా పడింది. వెంకటరామి గొళ్లెం మీద చెయ్యి వేసినప్పుడల్లా "బేడప్పా, తీయాక! మా అత్త ఇంకా చూడల్యా!" అని ఎవరో ఒకరు ఆ చెయ్యి పట్టుకుంటున్నారు.

జాలీ దగ్గర తలకాయల మధ్య ఆయనకు సందు దొరకలేదు. "పెట్ట ఉండాదేమో చూడండప్పా," అని బతిమాలాడు.

"పెట్టనెవరు చూస్తారు? నరి మాత్రం ఎంత శాంతంగా ఉండాదో! మూలకు ఒదిగి, కదలకుండా కూర్చునింది."

కడుపు నిండిన నక్క కాక ఇంకేది అంత శాంతంగా కూర్చుంటుంది? అనుకున్నాడు వెంకటరామి.

ఇంతలో ఎవరో తీసిన వీడియో ఫోన్లలో తిరిగి, బస్సులో ఉన్న సుభద్రమ్మకు చేరింది. ఆమె దారిలోనే దిగి, ఎదురొచ్చిన ఆటో ఎక్కి తిరిగొచ్చింది. అదే వీడియో చూసి అటవీశాఖ గార్డు హొన్నప్ప కూడా మోటారుసైకిల్ మీద దిగాడు.

"నరిని పట్టినదెవరు? కేసవుతాది, తెలుసా?"

జనమంతా ఒక్కటై వెంకటరామిని చూపించారు.

"నేను పట్టలేదు సార్! అదే వచ్చింది, నేను గొళ్లెం పెట్టినానంతే."

సుభద్రమ్మ గార్డును చూడలేదు, జనాన్ని చూడలేదు. "నా పెట్ట యాడ?" అంది.

"లోపల... తప్పయిపాయె సుభద్రా," అనేసరికి వెంకటరామి కళ్లల్లో నీళ్లు తిరిగాయి. ఆమె ఆయన్ని పక్కకు తోసి గొళ్లెం లాగింది.

నక్క బయటికొచ్చింది. ముక్కు నిండా గాట్లు, చెవి మీద నెత్తురు. తోక కాళ్ల మధ్య దోపుకుని నేరుగా వెళ్లి హొన్నప్ప కాళ్ల చాటున నక్కింది. దాని వెనకే ఈకలు నిక్కబొడుచుకుని వచ్చిన నల్లపెట్ట, గార్డు చుట్టూ తిరిగి మరీ దాన్ని ఇంకో పోటు పొడిచి, గంపలోకి తిరిగిపోయింది. నక్క కాలువ గట్టెక్కి మాయమైంది.

గంపలో మూడు పిల్లలు కిచకిచమంటున్నాయి. సుభద్రమ్మ అక్కడే కూలబడి ఏడుపూ నవ్వూ కలిపేసింది. తర్వాత వాకిట్లో దొర్లుతున్న గ్లాసును, దాని పక్కనే నిలబడిన భర్తను చూసింది. "కాఫీ గూడా తాగలేదేమయ్యా నువ్వు? రా, పెడతా," అంది.

హొన్నప్ప జేబులోంచి కాగితం తీశాడు. వన్యప్రాణిని హింసించినవారి పేరు రాయాల్సిన చోట చాలాసేపు ఆలోచించి, 'కోడి, ఒకటి' అని రాసుకున్నాడు.