ప్రోబుగారి ఆరోగ్యం

మర్రిగూడ అవతల బోడబండ గ్రామ ప్రజలు ఇకపై నీళ్లు తాగే ముందు ఆలోచించాల్సిన పని లేదని, ఆ ఆలోచన కూడా ప్రభుత్వమే చేసిపెడుతుందని మంత్రిగారు ప్రకటించారు. అన్నట్టుగానే బోరు నీళ్లతో నిండే ఊరి వాటర్ ట్యాంకులో ఒక ప్రోబు దించారు. చూడటానికి బొటనవేలంత కడ్డీ. నీళ్లలో ఫ్లోరైడ్ ఎంతుందో అది పసిగడితే, పంచాయతీ ఆఫీసు ముందున్న బోర్డులో లైటు వెలుగుతుంది. నీళ్లు మంచివైతే పచ్చ, కాకపోతే ఎరుపు.

ఈ మహత్కార్యం నీళ్ల శాఖ ఏఈ విజేందర్ భుజాల మీద పడింది. పై అధికారి ఏమనుకోబోతున్నాడో ఆయనకన్నా ముందే అనుకోగల సమర్థుడు విజేందర్. అందుకే స్విచ్ వేయగానే ఎర్ర లైటు వెలిగేసరికి అతనికి చెమటలు పట్టాయి. తెల్లారితే మంత్రిగారి చేతుల మీద ప్రారంభోత్సవం. పై అధికారి ఈఈ గారికి ఫోన్ చేశాడు.

"సార్, రెడ్ వస్తాంది."

"ప్రోబు టెస్ట్ చెయ్యవయ్యా. ఏదో ఫాల్ట్ ఉంటది."

విజేందర్ టెస్ట్ చేశాడు. ఫ్లోరైడ్ ఎంతుందో ముందే తెలిసిన ల్యాబ్ ద్రావణంలో ముంచితే సరిగ్గా అంతే చూపించింది. కేబుల్ మార్చాడు. ఎర్ర లైటే. కొత్త ప్రోబు తెచ్చి దించాడు. అది కూడా పాత ప్రోబు మాటే చెప్పింది. ప్రభుత్వం కొన్న రెండు వస్తువులు ఒకే మాట మీద నిలబడటం శాఖలో అంతకుముందు ఎవరూ చూడలేదు.

ఆ ఎర్ర లైటు చూసి సంతోషించిన మనిషి ఊళ్లో ఒక్క బక్కమ్మే. బోరు నీళ్లు తాగీ తాగీ ఆమె మోకాళ్లు ఎప్పుడో వంగిపోయాయి. మనవరాలు స్నేహలతకు పాలపళ్లు ఊడి కొత్తవి వస్తున్నాయి. ఆ పిల్లకు చిట్యాల వైపు నుంచి వచ్చే మంచినీళ్ల ట్యాంకరే దిక్కు.

"సారూ, గా ఎర్ర లైటు గట్లనే ఉండనియ్యిన్రి. అది సల్లారితే ట్యాంకర్ బందు జేస్తరు. గీ పోరి పండ్లన్న మంచిగ రావాలె."

"ఫికర్ చెయ్యకు అవ్వా. ఇగ నీళ్ల సంగతి మిషన్ చూసుకుంటది," అన్నాడు విజేందర్.

మర్నాడు మంత్రిగారు వచ్చారు. స్విచ్ మీద చెయ్యి వేయబోతుంటే సర్పంచ్ ఐలేశం అడ్డుపడ్డాడు.

"ఆగున్రి సార్! బోరు మోటర్‌కు పెడ్తం, ట్రాక్టర్‌కు పెడ్తం. కొత్త మిషన్‌కు పసుపు, బొట్టు లేకుంటే ఎట్ల?"

అందరికీ నిజమేననిపించింది. ప్రోబును పైకి లాగారు. నీళ్లలో పోకుండా ఉండాలని పసుపును నూనెలో కలిపి, సరిగ్గా నీళ్లను పసిగట్టే మొన మీద ఐలేశం భక్తితో దట్టంగా మెత్తాడు. కుంకుమ బొట్టు పెట్టి, కొబ్బరికాయ కొట్టి మళ్లీ ట్యాంకులో దించారు. కళ్లకు గంతలు కట్టినట్టయిన ప్రోబుకు ఇక ఏ ఫ్లోరైడూ కనపడలేదు. మంత్రిగారు స్విచ్ నొక్కారు. పచ్చ లైటు!

చప్పట్లు మోగాయి. సంగతి అర్థమైన విజేందర్ నోరు తెరిచాడు. ఈఈ గారు ఆ నోట్లో లడ్డూ పెట్టారు.

"బోడబండ నుంచి ఫ్లోరైడ్‌ను తరిమికొట్టినం!" అన్నారు మంత్రిగారు మైకులో. "ఇగ గీ ఊరికి ట్యాంకర్‌తోని పనే లేదు!"

ఆ రోజు నుంచే ట్యాంకర్ బందయింది. బక్కమ్మ మనవరాలికి బోరు నీళ్లే తాగించింది. తాగించిన ప్రతిసారీ పిల్ల నోరు తెరిపించి కొత్త పళ్లు చూసుకుంది.

వారం తిరక్కముందే పసుపు వదిలింది. మళ్లీ ఎర్ర లైటు. మంత్రిగారు తరిమేశాక కూడా ఫ్లోరైడ్ వెనక్కి వచ్చిందంటే అది క్రమశిక్షణకు సంబంధించిన విషయం. మూడు కార్లలో కమిటీ దిగింది. ప్రోబును బయటికి తీసి తిప్పి చూశారు, వంచి చూశారు, కంపెనీవాళ్లతో వీడియో కాల్ మాట్లాడారు. ఏం తోచక విజేందర్ దాన్ని ఈఈ గారి మినరల్ వాటర్ సీసాలో ముంచాడు. టక్కున పచ్చ లైటు వెలిగింది.

ఈఈ గారి మొహం కూడా వెలిగింది. "చూసినవా? మిషన్ భేషుగ్గ ఉన్నది. జాగా బాగలేదు, అంతే!"

ఇంత లోతైన పరిశోధనకు ఫలితం వెంటనే దక్కింది. పంచాయతీ ఆఫీసులో ఒక డ్రమ్ము పెట్టి, ప్రోబును అందులోకి మార్చి, మూతకు తాళం వేశారు. నీళ్లు మురిగిపోతే ప్రోబు ఆరోగ్యం దెబ్బతింటుంది కాబట్టి, చిట్యాల ట్యాంకర్‌ను పునరుద్ధరిస్తూ ఆర్డరు కూడా వచ్చింది.

ట్యాంకర్ హారన్ వినపడగానే బక్కమ్మ బిందె చంకన పెట్టుకుని, వంగిన మోకాళ్లతోనే ఉరికొచ్చింది. ట్యాంకర్ తిన్నగా పంచాయతీ ఆఫీసు ముందు ఆగింది. విజేందర్ తాళం తీసి పైపును డ్రమ్ములోకి వదిలాడు. ఆమె బిందె పట్టబోతే చెయ్యి అడ్డం పెట్టాడు.

"అవ్వా, గివి మిషన్ నీళ్లు."

బక్కమ్మ డ్రమ్ము వంక చూసింది. బోర్డులో వెలుగుతున్న పచ్చ లైటు వంక చూసింది.

"మరి మేం తాగే నీళ్లల్ల గా కడ్డీ ఎప్పుడు పెడ్తరు సారూ?"

ముసలామెను చూస్తే విజేందర్‌కు నిజంగానే జాలేసింది. అందుకే విసుక్కోకుండా, అర్థమయ్యేలా చెప్పాడు.

"ఆ నీళ్లల్ల పెడితే మిషన్ ఖరాబైతది అవ్వా."