నిచ్చెన దిగేలోపు

మందుల దుకాణం వీధిలో బండ్లు ఆపరాదన్న నిషేధం అమల్లోకి వచ్చిన మొదటి నిమిషంలోనే నేరస్థుడు దొరికాడు. ఇంత చురుకైన పాలన మరెక్కడా లేదని అందరూ ఒప్పుకుని తీరాలి.

నేరస్థుడు బోర్డుల పెయింటరు. నిషేధం బోర్డు రాసింది ఆయనే, స్తంభానికి బిగించిందీ ఆయనే. స్కూటరు పక్కన ఆపి, నిచ్చెన ఎక్కి, నాలుగో స్క్రూ బిగించి దిగేసరికి చలానాల ఉద్యోగి చక్రానికి గొలుసు వేసేసి కాగితం చేతిలో పెట్టాడు.

"నేను ఆపినప్పుడు బోర్డు లేదు కదా సార్!"

"ఇప్పుడుంది కదా," అన్నాడు ఉద్యోగి తలెత్తి చూసి. "చాలా బాగా రాశారు. దూరానికి కూడా కనిపిస్తోంది."

చలానా కట్టేస్తే ఆ పూటే గొలుసు తీసేవారు. కానీ చెయ్యని తప్పు ఎలా ఒప్పుకుంటాడు? అభ్యంతరం దాఖలు చేశాడు. దాంతో సదరు స్కూటరు సాక్ష్యమైపోయింది. సాక్ష్యాన్ని విచారణ ముగిసేదాకా కదపరాదు కనుక అక్కడే ఉంచారు. అక్కడే ఉంది కనుక రోజుకో చలానా అంటించారు. ఈ రెండు పనులూ ఒక్క చేత్తో చక్కబెట్టినందుకు ఉద్యోగికి ప్రశంసాపత్రం కూడా వచ్చింది.

నిచ్చెన మోసేదీ రంగు డబ్బాలు మోసేదీ ఆ స్కూటరే. ఇప్పుడవన్నీ పెయింటరు భుజం మీదికొచ్చాయి.

"మీరు రాసిన బోర్డు మీమీదే కేసు పెట్టిందా?" అంది భార్య, వాచిన భుజానికి కాపడం పెడుతూ. "ఈసారి అక్షరాలు కాస్త వంకరగా రాయండి, ఎవరికీ అర్థం కాకుండా ఉంటుంది."

"నవ్వకే. నా మాటలో న్యాయముంది. స్కూటరు మీదే ఇంటికొస్తాను, చూస్తూ ఉండు."

విచారణాధికారి ఫైలు తిరగేసి కనుబొమలెగరేశారు. "బోర్డు మీరే తెచ్చారు. అంటే ఇక్కడ ఆపకూడదని అందరికంటే ముందు మీకే తెలుసు. తెలిసీ ఆపారు!"

"ఆపకపోతే ఎలా బిగించను సార్?"

అధికారి ఆలోచనలో పడ్డారు. ఆలోచన ఎటూ తేలకపోవడంతో ప్రసంగించారు. "కళ్లారా చూడనిదే తీర్పు చెప్పను! బోర్డు విప్పండి. ఆనాటి పరిస్థితిని యథాతథంగా కల్పించి, మళ్లీ బిగించండి. నేను గడియారం పట్టుకుని నిలబడతాను!" గుమాస్తా చప్పట్లు కొట్టి, కొట్టిన సంగతి ఫైలులో రాసుకున్నాడు.

బోర్డు మళ్లీ బిగించే రోజు న్యాయానికి మద్దతుగా జనం తరలివచ్చారు. ఒక్కరూ నడిచి రాలేదు. బోర్డు దిగిన క్షణం నుంచి అక్కడ ఆపడం నేరం కాదు కనుక అందరూ అక్కడే ఆపారు. స్కూటరు ముందు అధికారి జీపు, వెనక మందుల దుకాణదారు కారు. పెయింటరు నాలుగు స్క్రూలూ బిగించి దిగాడు. ఉద్యోగి అలవాటుగా చలానాల పుస్తకం తీశాడు కానీ, మొదటి బండి ఎవరిదో చూసి మూసేశాడు.

అధికారి గొంతు సవరించుకున్నారు. "బోర్డుకు ముందు ఆపిన బండి నిర్దోషి. ఈ రోజుకే కాదు, ఎప్పటికీ!"

గొలుసు తీశారు. పెయింటరు కళ్లు చెమ్మగిల్లాయి.

"కాస్త కారు జరుపుతారా బాబూ, స్కూటరు తీసుకుంటాను."

"ఎందుకు జరపాలయ్యా?" అన్నాడు దుకాణదారు. "జరిపితే మళ్లీ ఇక్కడ ఆపనిస్తారా? నీ పుణ్యమా అని శాశ్వత హక్కు దొరికింది."

అధికారి కూడా జీపును అక్కడే వదిలి, అద్దె కారులో ఇంటికి వెళ్లారు.

నెల దాటింది. బండ్ల మీద గుడ్డలు కప్పారు. పెయింటరు ఇంకా నిచ్చెన మోస్తూనే ఉన్నాడు. స్కూటరుకు ఒక పక్క గోడ, రెండో పక్క ఇంకో బండి. ఆ ఒక్కటి జరిగితే చాలు, స్కూటరు బయటపడుతుంది. దాని యజమాని ఎవరో వీధిలో ఎవరికీ తెలియదట. ఎక్కడో హాయిగా కూర్చుని, పెయింటరుకు జరిగిన అన్యాయం చదివి నొచ్చుకుంటూ ఉంటారని చెప్పుకుంటున్నారు.

తాళంచెవి ఉందేమో, ఒకసారి మీ జేబులో చూసుకోండి.