స్టాండంతటికీ మూడు టైర్లు

ఈ దేశంలో ఆరోగ్యం అనేది మనుషుల కన్నా ముందు బండ్లకు ఉండి తీరాలి! మనిషి దగ్గుతూ, రొప్పుతూ, ఒక్క కంటితోనే ఎంత దూరమైనా పోవచ్చు. ఏ ఆఫీసూ ఆపదు. అదే ఆటో దగ్గితే పొల్యూషన్ సర్టిఫికెట్ రాదు. ఒక కన్ను పోతే ఫిట్‌నెస్ ఇవ్వరు. ప్రభుత్వానికి బండ్ల మీద ఉన్న ప్రేమ అంతటిది!

మా నాన్న ప్రభుదాసుకు ఒక ఆటో ఉంది. మా ఊరి నుంచి నెక్కొండకూ, కిరాయి దొరికితే వరంగల్‌కూ జనాన్ని తిప్పుతాడు. దాని టైర్లు నున్నగా గుండు కొట్టించుకున్నట్టు ఉంటాయి. బ్రేకు తొక్కితే ఆటో కాసేపు ఆలోచించుకుని ఆగుతుంది. వెనక యేసు ప్రభువు బొమ్మ ఉంది. ఆటోను బ్రేకుల కన్నా ఆ బొమ్మే ఎక్కువసార్లు ఆపిందని మా అమ్మ రూతు నమ్మకం.

ఫిట్‌నెస్ గడువు దగ్గర పడింది. అది లేకపోతే ఆటో ఇంటి ముందు ఉంటుంది. ఆటో ఇంటి ముందుంటే నాన్న కూడా ఇంటి ముందే ఉంటాడు. ఇక వంటింట్లో ఏముంటుంది?

అయినా మా స్టాండులో ఫిట్‌నెస్‌కు ఎవరూ భయపడరు. దానికి సంఘం ఉంది. సంఘానికి అధ్యక్షుడు వెంకటరాజం పెద్దనాయన. ఆయన ఇంటి వెనక రేకుల గదిలో సంఘం ఉమ్మడి ఆస్తి ఉంటుంది. మూడు కొత్త టైర్లు, బ్రేకు సామాను, పొగ తెలియని సైలెన్సర్, తిరిగే వైపర్, మంటలార్పే డబ్బా, బొత్తాలన్నీ ఉన్న ఖాకీ చొక్కా. ఎవరి గడువు వస్తే వారి ఆటోకు అవన్నీ బిగిస్తారు, చొక్కా డ్రైవర్‌కు తొడుగుతారు. ఆటో వరంగల్ వెళ్లి పాసై వస్తుంది. రాగానే విప్పి గదిలో పెడతారు. ఆ విధంగా మా స్టాండు ఆటోలన్నీ ప్రభుత్వం దృష్టిలో కొత్త టైర్ల మీదే తిరుగుతున్నాయి. ఆ టైర్లు మాత్రం ఏళ్లు గడిచినా అరగలేదు.

మా వంతు వచ్చింది. పెద్దనాయన దగ్గరుండి బిగించి, పరీక్షలో ఏమేం అడుగుతారో నాన్నకు పాఠం చెప్పాడు.

“ఫికర్ జెయ్యకు ప్రభుదాసూ. సారు అడిగిందే సూపెట్టు. అడగంది సూపెట్టకు. బిడ్డను గూడ తీస్కపో, ఆడపిల్ల ముంగట సార్లు గట్టిగ ఒర్రరు.”

అందుకని మంటలార్పే డబ్బా పక్కన నేను కూడా భద్రతా పరికరంగా కూర్చున్నాను.

వరంగల్‌లో మొదటి సిగ్నల్ దగ్గర నాన్న అలవాటుగా చాలా ముందునుంచే బ్రేకు తొక్కాడు. ఆటో అక్కడికక్కడే ఆగిపోయింది! నా నుదురు ముందు కడ్డీకి తగిలింది. బండి చెడిపోయిందేమోనని నాన్న దిగి చుట్టూ చూశాడు.

రవాణా ఆఫీసు దగ్గర పొల్యూషన్ బండి అతను సైలెన్సర్‌లో గొట్టం పెట్టి, అంకె చూసి, తన మిషన్‌నే రెండుసార్లు తట్టాడు. తర్వాత మేం బ్రేక్ ఇన్‌స్పెక్టర్ అని పిలుచుకునే సారు వచ్చాడు. హారన్ కొట్టించాడు, లైట్లు వేయించాడు, చాసిస్ నంబరు మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్దించి అచ్చు తీయించాడు. టైరు గాడిలో బొటనవేలు పెట్టి చూసి, కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

“మీ స్టాండు బండ్లన్నీ ఒకే తీరుగా ఉంటున్నాయయ్యా! ఇంత క్రమశిక్షణ నేనెక్కడా చూడలేదు.”

నాన్న తల దించుకున్నాడు. అక్కడున్నవాళ్లు దాన్ని వినయం అనుకున్నారు.

అవి రహదారి భద్రతా మాసోత్సవాలు. సారుకు ఒక మంచి బండి కావలసి ఉంది. వెంటనే మా ఆటోకు దండ వేసి, ఫొటో తీసి, ‘ఆదర్శ వాహనం’ అనే రేకు బోర్డు బోల్టులతో బిగించారు. మాసోత్సవాలు ముగిసేదాకా బండి ఇదే స్థితిలో ఉండాలన్నారు. ఎప్పుడైనా తనిఖీ చేస్తారట.

ఊళ్లోకి రాగానే పెద్దనాయన పానా పట్టుకుని ఎదురొచ్చాడు.

“ఎల్లుండి నా ఆటో ఫిట్‌నెస్ ఉన్నది. జల్ది ఇప్పు.”

“ఎట్ల ఇప్పుత అన్నా? ఎల్లుండి మా ఆటోను ఆఫీసు గేటుకాడ నిలబెట్టుమన్నడు సారు. అందరు సూశి నేర్సుకోవాల్నట.”

పెద్దనాయన ముందు నవ్వాడు. తర్వాత అక్కడే ఉన్న బండ మీద కూలబడ్డాడు.

సారు చెప్పిన రోజున ఆఫీసు గేటు దగ్గర దండతో మా ఆటో నిలబడింది. వాయిదా వేయించుకోవాలని ఎంత తిరిగినా కుదరక, పెద్దనాయన తన ఆటోను దాని సొంత టైర్ల మీదే తెచ్చాడు. సారు బొటనవేలు పెట్టాడు. జారింది.

“సంఘం అధ్యక్షుడివి, నీ బండి ఇదా? నీ సభ్యుణ్ని చూసి నేర్చుకో!” అని, సారు నాన్నను పిలిచి నాలుగు మంచి మాటలు చెప్పమన్నాడు.

నాన్న ముందుకొచ్చాడు. చుట్టూ జనం.

“మంచి టైర్లు ఏస్కోరాదె అన్నా... పాణం కన్న ఎక్కువనా?”

పెద్దనాయన మా ముందు చక్రం వైపు చాలాసేపు చూశాడు. అవి సంఘానివని నోరు తెరిస్తే స్టాండులోని సర్టిఫికెట్లన్నీ పోతాయి. తెరవకపోతే తన ఒక్క ఆటోనే ఆగుతుంది. నాయకులంటే త్యాగమూర్తులు కదా!

“ఏస్కుంట తమ్మీ,” అన్నాడు పళ్లు బిగించి.

అంతమంది ముందు అన్న మాట. ఏం చేస్తాడు, నిజంగానే కొత్త టైర్లు కొన్నాడు. బ్రేకులు మార్పించాడు. మళ్లీ వెళ్లి పాసయ్యాడు. సొంత సామానుతో ఫిట్‌నెస్ తెచ్చుకోవడం మా స్టాండులో అదే మొదటిసారి. ఆయనకు పిచ్చి పట్టిందేమోనని కొందరు చూసి వచ్చారు.

మాసోత్సవాలు ముగిశాయి. సంఘం సామాను తర్వాతి గడువున్న పండరి బాబాయి ఆటోకు పోయింది. మా ఆటోకు మళ్లీ గుండు టైర్లు వచ్చాయి. బోర్డు మాత్రం విప్పలేదు. నాన్న రోజూ దాన్ని తడిబట్టతో తుడుస్తాడు. ముసలివాళ్లూ, చంటిపిల్లల తల్లులూ వేరే ఆటోలు వదిలేసి ఆ బోర్డు వెతుక్కుని వచ్చి ఎక్కుతున్నారు.

నా పదో తరగతి పరీక్షలకు సెంటరు నెక్కొండలో పడింది. మొదటి రోజు హాల్ టికెట్ పట్టుకుని మా ఆటోలో ముందుగానే కూర్చున్నాను. నాన్న చూసి, చెయ్యి పట్టుకుని దింపాడు. రోడ్డు మీదికి వెళ్లి, అటుగా వస్తున్న వెంకటరాజం పెద్దనాయన ఆటోను ఆపాడు.

“అన్నా, బిడ్డను జర సెంటర్ కాడ దింపరాదె.”

“మీది ఆదర్శ ఆటో కదనె? అండ్ల ఎందుకు పంపవు?”

నాన్న నన్ను ఎక్కించి, సరిగ్గా పట్టుకుని కూర్చోమని చెప్పి, వెనక్కి తిరిగి చంటిపిల్లతో వస్తున్న ఒకామెను కేకేశాడు.

“దా చెల్లే, ఆదర్శ వాహనం, ఇంకొక్కలు పడుతరు!”