నల్ల మీట, తెల్ల మీట, మధ్యలో స్పానర్

ఆ ఆదివారం పొద్దున గడియారాలాయన వేసుకున్న పథకం చాలా చిన్నది. కిటికీ పక్కన పడక్కుర్చీ వేసుకుని, భార్య పియానో వాయిస్తుంటే కళ్ళు మూసుకుని వినాలి. అంతే. నలభై ఏళ్ళుగా గడియారాలు బాగుచేస్తున్న ఆయన, పెదవి విప్పితే ముత్యాలు రాలిపోతాయన్నట్టు ఉంటాడు. ఆవిడ నిన్నమొన్నటి దాకా దర్జీ పని చేసి, అరవయ్యో ఏట పియానో మీద మనసు పడింది. సాయంత్రం టీచరమ్మ వచ్చి వింటుంది. పాట కుదిరితే లైబ్రరీ హాల్లో వాయించనిస్తుంది. కుదరకపోతే మళ్ళీ చిన్నపిల్లల పుస్తకం, మొదటి పేజీ.

పొగమంచులో పడవ గురించిన పాట అది. బయట కూడా మంచే. ఎదురింటి గోడ కరిగిపోయి, గేటొక్కటే గాలిలో వేలాడుతున్నట్టుంది. కాగితం మీద నిలువు గీతలు గీసి పాటని గడులుగా విడగొట్టారు. మొదటి గడిలో స్వరాలు ఒక్కొక్కటే నీళ్ళలోకి దిగాయి. తన కుర్చీ కూడా ఒడ్డు విడిచినట్టే ఆయనకి అనిపించింది. రెండో గడిలో పడవ రాయికి కొట్టుకుంది.

"ఏవండీ, ఈ నల్ల మీట ఏడుస్తోంది."

"మొదట్లో బానే ఉందిగా."

"అదే మరి. అక్కడ షార్ప్ గుర్తుంది. అంటే తెల్లది కాదు, దాని పక్కన పైనున్న నల్లది నొక్కాలి. నొక్కాను, బానే ఉంది. తర్వాత గడిలో అదే నొక్కితే ఇలా."

"తర్వాత గడిలో గుర్తేదీ?"

"ఒకసారి పెట్టారుగా. కుట్టమని సుద్దగీత గీశాక బెత్తెడు బెత్తెడుకీ మళ్ళీ చెప్తారా? ఆపమనడానికి నేచురల్ అని వేరే గుర్తుంది. అది వచ్చేదాకా నల్లదే."

ఆ తర్కంలో ఆయనకి ఎక్కడా వదులు కనబడలేదు. మనిషి సరిగ్గా ఉంటే తప్పు యంత్రానిదే. పియానో మూత ఎత్తి, తీగలు చుట్టిన మేకులకి సరిపోయేలా ఒక స్పానర్ అరగదీసుకుని, నల్ల మీట తాలూకు మూడు తీగలూ కొంచెం వదులు చేశాడు. రెండో గడి తేనెలా జారింది.

"ఇప్పుడు మొదటిది చెడిందండీ."

ఆయన తెల్ల మీట తీగలు మూడూ బిగించాడు. "గుర్తున్నచోట తెల్లది నొక్కు. ఆ తర్వాత నల్లది."

"పుస్తకంలో అలా లేదు."

"పుస్తకం రాసినాయన మన పియానో చూశాడా?"

రెండో వరసలో ఫ్లాట్ గుర్తు తగిలింది. షార్ప్ పైకి ఎక్కిస్తే ఇది కిందికి దించుతుంది. దానికీ అదే వైద్యం జరిగింది. గోటితో పోయేదానికి గొడ్డలి అందుకున్న సంగతి ఇద్దరికీ తెలియదు. మధ్యాహ్నానికి నాలుగు మీటలు, పన్నెండు తీగలు ఆయన చేతి మీదుగా వెళ్ళాయి. అప్పుడు ఆవిడ మొదటినుంచి వాయించింది. పడవ ఎక్కడా తగల్లేదు. ఆయన కునుకులోకి జారాడు. కలలో కొట్లోని గడియారాలన్నీ ఏటి మీద వరసగా తేలిపోతున్నాయి. ఒక్కటీ గంట కొట్టడం లేదు.

నాలుగింటికి టీచరమ్మ వచ్చింది. డెబ్భై దాటిన మనిషి. భార్య ముందుగా తన సందేహం అడిగింది. "షార్ప్ పెడితే ఎందాకా ఉంటుందండీ?"

"ఈ నిలువు గీత గోడ అనుకోమ్మా. మధ్యలో పెట్టిన షార్పయినా ఫ్లాటయినా ఆ గదిలోనే. గోడ దాటితే దాని మాట చెల్లదు, స్వరం మామూలే. అదే గదిలో ఉండగానే మామూలు చేయాలంటే నేచురల్."

"ఇంతేనా. పొద్దుట్నించీ అనవసరంగా తంటాలు పడ్డాను."

ఆవిడ మొహం వెలిగింది. గడియారాలాయన తేలు కుట్టిన దొంగలా కిటికీ వైపు తిరిగాడు.

ఆవిడ పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు వాయించింది. పడవ మునిగింది. టీచరమ్మ వేళ్ళు చూసింది, కాగితం చూసింది. రెండూ సరే. తను కూర్చుని వాయించింది. మళ్ళీ మునిగింది.

"పోయిన వారమేగా శ్రుతి చేయించారు?"

"అవునండీ," అంది భార్య, మొగుడి వైపు చూడకుండా.

టీచరమ్మ మీటల మీంచి చేతులు తీసేసింది. "అయితే నా చెవులే పోయాయమ్మా. నువ్వు సరిగ్గానే వాయించావు, నాకే తప్పుగా వినిపిస్తోంది. రేపట్నించి పాఠాలు మానేస్తాను."

భార్య కళ్ళలో నీళ్ళు తిరిగాయి. గదిలో ఎవరూ గడియారాలాయన్ని ఏమీ అడగలేదు. ఊరుకుంటే సరిపోయేది. ఊరుకోవడం ఆయనకి వెన్నతో పెట్టిన విద్య.

"మీ చెవులు బానే ఉన్నాయండీ," అన్నాడాయన. "నేనే తిప్పాను. పన్నెండు తీగలు."

"నలభై ఏళ్ళలో ఈయన తప్పు ఈయన నోట వినడం ఇదే మొదలు," అంది భార్య, కళ్ళు తుడుచుకుంటూ.

టీచరమ్మ కోప్పడుతుందనుకుంటే, భుజాలు కదిలేలా నవ్వింది. "ఆవిడ తప్పు చదివితే పియానోని తప్పుకి సరిచేశారన్నమాట. అదృష్టవంతురాలివమ్మా. మా ఆయన బతికున్నన్నాళ్ళూ నన్నే శ్రుతి చేయాలని చూశాడు. రేపు మా ఇంటికొచ్చి వాయించు. హాలు సంగతి ఆ తర్వాత."

మర్నాడు పడవ ఒడ్డు చేరింది. లైబ్రరీ హాల్లో ఆవిడ వాయించిన రోజు గడియారాలాయనకి ముందు వరసలోనే కుర్చీ వేశారు. కాకపోతే, లోపలికి రానిచ్చే ముందు జేబులు తడిమారు.